హక్కు విడుదల దస్తావేజు గారికి, ఓ ఆడపడుచు రాయునది

అయ్యా,

గుంటూరు బ్రాడీపేట నుంచి, పుట్టింటి పొలంలో తన వాటా అన్నయ్యకి వదిలేస్తున్నానని మీ మీద సంతకం పెట్టబోయే ఆడపడుచు నమస్కరించి రాయునది. ఇక్కడంతా క్షేమం. నిన్న అన్నయ్య మిమ్మల్ని కవర్లో పెట్టి మా డైనింగ్ టేబుల్ మీద ఉంచి వెళ్లాడు, పక్కనే ఒక పట్టుచీర, కిలో పూతరేకులు. చివరి పేజీలో నా పేరు దగ్గర పెన్సిల్‌తో చిన్న ఇంటూ మార్కు కూడా పెట్టాడు. "ఎవరి బలవంతమూ లేకుండా, మనస్ఫూర్తిగా" అని మీరే రాసేసుకున్నారు, నాకా శ్రమ కూడా లేదు.

మీ సత్తా చూస్తే ముచ్చటేస్తుందండీ. 1945లో ప్రపంచ యుద్ధం ముగిసింది, అప్పటికే రేషన్ క్యూల్లో నిలబడి విసిగిపోయిన ఆడవాళ్లు మరి మా సంగతేంటని గట్టిగా అడిగారు. హంసా మెహతా ముందుండగా 1946లో అఖిల భారత మహిళా సభ ఆస్తిలో వాటా, సమాన వేతనం అంటూ ఏకంగా హక్కుల పత్రమే తయారుచేసింది. మన రాజమండ్రి దుర్గాబాయి రాజ్యాంగ సభలో కూతుళ్ల వాటా కోసం వాదించారు. కూతురికి వాటా ఇస్తే కొంపలు కూలిపోతాయని పెద్దలు గోల పెట్టారు, ఆ వాటా ఇచ్చే హిందూ కోడ్ బిల్లు మూలపడింది, విసిగిన అంబేద్కర్ 1951లో మంత్రి పదవే వదిలేశారు. హిందూ వారసత్వ చట్టం 1956కి వచ్చింది, అదీ అరకొరగా. పిత్రార్జితంలో కొడుకుతో సమాన వాటా మన రాష్ట్రంలో 1985 నుంచి (అప్పటికి పెళ్లికాని వాళ్లకే లెండి), దేశమంతటికీ 2005లో.

అంతా కలిపితే దాదాపు 60 ఏళ్లు. దాన్ని తిరగ్గొట్టడానికి మీకు 40 నిమిషాలు చాలు, మధ్యలో డాక్యుమెంట్ రైటర్ టీ తాగొచ్చినా సరే.

అన్నయ్య చెడ్డవాడేం కాదు. "పసుపు కుంకుమల కింద అప్పుడే ఇచ్చాం కదమ్మా" అంటాడు. నిజమే, ఇచ్చారు, ఆ డబ్బు మా మావగారి ఇంటికి పై అంతస్తు అయింది, దాని మీదా నా పేరు లేదు. తాడికొండ పొలం రెండెకరాలు ఇప్పుడెంత పలుకుతోందో అన్నయ్య ఎప్పుడూ చెప్పలేదు. చీర రేటు మాత్రం వదిన చెప్పింది, 12 వేలట.

అమ్మేమో "నీకు పుట్టిల్లు ఉండాలా వద్దా" అంటోంది. తనూ మావయ్యలకి ఇలాగే సంతకం పెట్టింది, అప్పుడిచ్చిన వెంకటగిరి చీర ఇంకా బీరువాలోనే ఉంది, మడత విప్పితే చిరుగుతుందని ముట్టుకోదు.

సోమవారం పదిన్నరకి వర్జ్యం లేదని అన్నయ్య చూసుకున్నాడు. ఆధార్, రెండు ఫోటోలు తెమ్మన్నాడు. ఆధార్ ఎక్కడ పెట్టానో కనబడట్లేదని చెప్పాను. పోపుల డబ్బా కింద ఉంది.

ఇట్లు,
ఇంటూ మార్కు పక్కన ఖాళీ