కోతికి కొబ్బరికాయ: ఒక సవరణ ప్రతిపాదన

'కోతికి కొబ్బరికాయ దొరికినట్టు' అనే సామెతను వెంటనే వెనక్కి తీసుకోవాలని డిమాండ్ చేస్తున్నాను. ఏం చేసుకోవాలో తెలియక దొర్లించుకుంటూ కూర్చుంటుందని తరతరాలుగా ఎగతాళి చేశాం. కోతి తరఫు వాదన ఎవరైనా విన్నారా?

బ్రెజిల్‌లోని పియావీ రాష్ట్రంలో కాపుచిన్ కోతులుంటాయి. బాగా ఎదిగిన మగకోతి కూడా మూడు నాలుగు కిలోలే. అక్కడి ఒక తాటిజాతి కాయ పళ్లకు లొంగే రకం కాదు. కోతి ముందుగా దాన్ని బండమీద రెండుసార్లు తట్టి, ఏ వైపు పెడితే కదలకుండా కూర్చుంటుందో చూసుకుని గుంటలో పెడుతుంది. ఆపైన కిలో రాయిని రెండు చేతులా ఎత్తి, వెనక కాళ్లమీద నిలబడి దభీమని వేస్తుంది. అరవై కిలోల మనిషి పదిహేడు కిలోల బండ ఎత్తినట్టన్నమాట. నేను గ్యాస్ సిలిండర్ జరపడానికే పక్కింటి కుర్రాణ్ణి పిలుస్తాను.

పిల్లకోతి ఈ విద్య కోసం ఏళ్ల తరబడి పెద్దల పక్కన కూర్చుంటుంది. రాలిన ముక్కలు తింటుంది, మళ్లీ చూస్తుంది. ఫీజు లేదు, హాస్టల్ లేదు, ర్యాంకుల ఫ్లెక్సీ లేదు. ఈ పద్ధతి మన దగ్గరికొస్తే ఎందరు రోడ్డున పడతారో తలచుకుంటేనే టెన్షన్.

అదే రాష్ట్రంలోని సెర్రా ద కాపివారా నేషనల్ పార్కులో తవ్వితే 3,000 ఏళ్ల నాటి కోతుల పనిముట్లు దొరికాయని 2019లో ప్రకటించారు. ఇప్పుడక్కడి కోతులు రాళ్లతో జీడిగింజలు కూడా కొడతాయి. జీడి సొన అంటితే చేతులేమవుతాయో పలాసలో ఎవర్నడిగినా చెబుతారు. ఆ చెట్టును పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెస్తేనే మనకు తెలిసింది. సీనియారిటీ ఎవరిదో నేను చెప్పక్కర్లేదు.

పండితులకు అసలు చిక్కు 2016లో వచ్చింది. ఈ కోతులు రాయిని రాయికేసి కొడితే పదునైన పెచ్చులు లేస్తున్నాయి. అచ్చం ఆదిమానవుడి కత్తుల్లాంటివి! మన తాతముత్తాతల తెలివికి సాక్ష్యమని అద్దాల పెట్టెల్లో దాచుకున్న బాపతు. కోతి వాటివైపు చూడనైనా చూడదు. రాతిపొడి నాకి, తన దారిన పోతుంది.

పోయిన శనివారం గుడిలో నేనూ కొబ్బరికాయ కొట్టాను. మూడు దెబ్బలకు పగల్లేదు. నాలుగో దెబ్బకు చేయిజారి చెప్పుల స్టాండు దాకా దొర్లింది. క్యూలోంచి ఎవరో ఆ సామెతే అందుకున్నారు. అభ్యంతరం చెబుదామని తిరిగేలోగా, ప్రహరీ మీద కూర్చున్న కోతి కాయ దగ్గరికి చేరిపోయింది.