పాత ఉద్యోగం మీద హక్కు

కరోనా కాలంలో ఉపాధి పోయిన కాలిఫోర్నియా హోటల్ కార్మికుల గురించి మీరు రాసిన వ్యాసం వాళ్లను కేవలం ప్రభుత్వ భృతి అందుకున్నవారిగా చూపించింది. వాళ్లు పోరాడి సాధించుకున్నదాన్ని వదిలేయడం అన్యాయం.

హోటళ్లు మళ్లీ తెరిచాక పాతవారిని పక్కనపెట్టి, తక్కువ జీతానికి కొత్తవారిని తీసుకుంటారన్నది వాళ్ల భయం. ఇరవై ఏళ్లుగా పరుపులు ఎత్తి, దుప్పట్లు మార్చి నడుము అరగదీసుకున్న మనిషికి ఆ వయసులో కొత్త పని ఎవరిస్తారు? అమెరికాలో చాలామందికి ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. మహమ్మారి నడుమ జీతంతోపాటు బీమా కూడా పోతే ఆ కుటుంబం గతేమిటి?

పాతవారినే ముందు పిలవాలని హోటల్ కార్మికుల యూనియన్ యునైట్ హియర్ పట్టుబట్టింది. 2020 సెప్టెంబరులో అలాంటి బిల్లును కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ తిరస్కరించారు. కార్మికులు వెనక్కి తగ్గలేదు. 2021 ఏప్రిల్‌లో ఆయనే ఎస్‌బీ 93 (సెనేట్ బిల్లు 93) అనే చట్టంపై సంతకం చేశారు. ఖాళీ ఏర్పడిన ఐదు పనిదినాల్లోగా, కరోనా కాలంలో తొలగించిన కార్మికుడికి ఆ పని ఇవ్వజూపాలని అది ఆదేశించింది. అర్హులు ఎక్కువమంది ఉంటే సీనియారిటీనే కొలమానం చేసింది. ఆలోచించుకోవడానికి కార్మికుడికి మరో ఐదు పనిదినాల గడువు ఇచ్చింది. నెవాడా రాష్ట్రం కూడా అదే ఏడాది ఇలాంటి చట్టం చేసింది.

హోటల్ గదులను రోజూ శుభ్రం చేయించాలన్న యూనియన్ డిమాండు కూడా చిన్నదేమీ కాదు. నాలుగు రోజుల చెత్త, మరకలు ఒకేసారి తీయడం ఎంత కష్టమో ఆ పని చేసేవారికే తెలుసు. పైగా రోజువారీ శుభ్రత ఆపేస్తే పని గంటలు తగ్గి, ఎన్నో ఉద్యోగాలు శాశ్వతంగా పోతాయి.

మన హైదరాబాద్, విశాఖ హోటళ్లలో ఆ రోజుల్లో ఇంటికి పంపిన సిబ్బంది గురించి కూడా ఇలాంటి వ్యాసం రాయండి.