పాటకు ముందు టెన్త్ సర్టిఫికెట్

బెక్‌మెసర్ గారి గొప్పతనం ఇన్నాళ్లకు నాకు తెలిసొచ్చింది. ఒపెరా అంటే పాటలతోనే నడిచే నాటకం; జర్మన్ సంగీతకర్త వాగ్నర్ 1868లో మ్యూనిక్‌లో ఆడించిన పాటల పోటీ ఒపెరాలో, న్యూరెంబర్గ్ ఊరి తప్పుల లెక్కగాడు ఈయనే. అభ్యర్థి పాడుతుంటే తెర చాటున కూచుని పలక మీద సుద్దముక్కతో కరకరమని గీకుతుంటాడు. ఏడు తప్పుల దాకా మాఫీ. పాపం ఆ కుర్రాడి పాట పూర్తి కాకముందే పలకంతా నింపేసి, బయటికొచ్చి అందరికీ చూపిస్తాడు. పెళ్లికూతురే బహుమతిగా ఉన్న ఆ పోటీలో తనూ ఒక అభ్యర్థే కావడం, ఏదో చిన్న విషయం లెండి. దుర్మార్గుడే. కానీ తప్పులు పట్టడానికైనా పాట విన్నాడు కదండీ!

ఇప్పుడంతా నాగరికత. ముందు పుట్టిన తేదీ, తర్వాతే గొంతు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా నాటకశాల 1954లో మొదలుపెట్టి, 2021లో దాతల పేరు తగిలించిన పాటల పోటీకి 20 నుంచి 30 ఏళ్ల వాళ్లే రావాలి. ఒపెరా గాయకుడు డొమింగో 1993లో పెట్టిన ఒపెరాలియా పోటీలో 32 దాకా రానిస్తారు. ఎంత దయ! మన సర్కారు ఉద్యోగ నోటిఫికేషనే నయం, వయోపరిమితి సడలింపు అని ఒక లైనైనా ఉంటుంది.

ఇదే రూలు ఆ రోజుల్లోనే ఉండి ఉంటే? నార్వే నుంచి ఓడ దిగిన ఒపెరా గాయని కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్ కౌంటర్ ముందు నిలబడింది అనుకోండి.

"పుట్టిన సంవత్సరం?"

"1895 బాబూ."

గుమాస్తా వేళ్లు మడిచి లెక్కేస్తాడు. "ముప్పై తొమ్మిది! తొమ్మిదేళ్లు లేటండీ."

"ఒక్కసారి పాడనివ్వండి."

"పాడితే వయసు తగ్గుతుందా అమ్మా? కంప్యూటర్‌లో మీ సంవత్సరమే రావట్లేదు. ఎంత కిందికి లాగినా ముందే ఆగిపోతోంది."

"పోనీ, పక్క గదిలో వినిపిస్తాను."

"పక్క గది జడ్జీలదండీ. ఇప్పుడు భోజనాల టైము."

అసలు జరిగిందేమిటంటే, 1935 ఫిబ్రవరి 2న అదే మెట్రోపాలిటన్‌లో ఆవిడ వాగ్నర్ ఒపెరాలో సీగ్లిండె పాత్ర పాడింది, నాలుగు రోజులకు ఆయనదే ఇంకో ఒపెరాలో ఇజోల్డ పాత్ర పాడింది. న్యూయార్క్ వెర్రెత్తిపోయింది. అప్పటికి పాట మానేసి ఇంటిపట్టున ఉందామా అని ఆలోచిస్తున్న మనిషి ఆవిడ!

ఒపెరాలో మైకు ఉండదు. నిండు వాద్యబృందాన్ని దాటి చిట్టచివరి బాల్కనీలో కూచున్నవాడికి మాట వినపడాలి. ఆ బరువు మోసే గొంతు చాలామందికి ముప్పై దాటాకే ముదురుతుంది. ఈ సంగతి ఆ జడ్జీలకు తెలుసు, ఆ గురువులకూ తెలుసు. తెలిసే గడువు పెడతారు. గడువు తరుముకొస్తుంటే పాతికేళ్ల పిల్ల తన గొంతుకు మించిన పాట ఎత్తుకుంటుంది. లేగదూడ మెడ మీద కాడి వేసి, అది కూలబడితే జాతి మంచిది కాదంటారు. గొంతు పోయాక ఆ పిల్ల ఎక్కడ ఏం చేసుకుని బతుకుతోందో ఒక్కడైనా అడిగాడా? మధ్యలో బిడ్డను కని నాలుగేళ్లు ఆగినామె సంగతేమిటి? సిగ్గు లేదూ?

కౌంటర్ దగ్గర ఆవిడింకా నిలబడే ఉంది. గుమాస్తా టీకి వెళ్లాడు.