ముదురు పోతు, మూడు విజిల్స్

ముక్కనుమ నాడు మా అక్క వాళ్ళింట్లో కొత్త అల్లుడికి వడ్డించిన వేటమాంసం ఉడకలేదు. ఇదేమంత పెద్ద విషయం అనిపించిందంటే మీది శ్రీకాకుళం కాదు, లేదా మీకింకా అల్లుడు రాలేదు. హైదరాబాద్ నుంచి రప్పించి, కొత్త బట్టలు పెట్టి, మూడు రోజులు అరిసెలతో ఊరించి, నాలుగో రోజు విస్తట్లో వేసిన మొదటి ముక్కని ఆ కుర్రాడు నాలుగు నిమిషాలు నమిలాడు. నేను ఎదురుగా కూర్చుని చూశాను. కుడి దవడ అలిసిపోతే ఎడమ దవడకి మార్చాడు. చివరికి ఎవరూ చూడట్లేదనుకుని నోట్లోంచి తీసి, ములక్కాడ పిప్పి కింద దాచాడు. మర్యాదస్తుడు. కానీ మా అక్క విస్తరి ఎత్తుతుంటే పిప్పి జారి ముక్క బయటపడింది. చుట్టూ తెల్లటి పొర, సైకిల్ ట్యూబులా. పళ్ళ గాట్లు పడ్డాయి గానీ తెగలేదు.

అప్పటికప్పుడు వంటింటి గుమ్మంలో విచారణ మొదలైంది. మా బావ మాంసం కొట్టువాణ్ణి ముద్దాయిని చేశాడు. ముదురు మేకపోతుని లేతదని అంటగట్టాడట. అక్క కుక్కర్ గాస్కెట్ మీద నేరం మోపింది. అక్క అత్తగారు గాస్కెట్‌ని నిర్దోషిగా వదిలేసి, మూత బిగించిన చేతుల గురించి మాట్లాడింది. ఆ చేతులు మా అక్కవే కాబట్టి కాసేపు గిన్నెల చప్పుడు పెరిగింది. పెళ్ళికూతురు మాత్రం "నాన్న మాంసం తెచ్చిందే పదకొండింటికి" అని కన్నతండ్రి మీదే సాక్ష్యం చెప్పింది. అల్లుడు ఏమీ అనకుండా పెరుగన్నంలోకి వెళ్ళిపోయాడు. ఇంతమందిని అనుమానించారు గానీ, పిప్పి కింద రెడ్‌హ్యాండెడ్‌గా దొరికిన అసలు నిందితుడి పేరు ఎవరి నోటా రాలేదు. దాని పేరు కొలాజెన్.

కండనీ కండనీ, కండనీ ఎముకనీ కలిపి కట్టే తాడు అది. తాడు అని మాటవరసకి అనలేదు. మద్రాసు యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కార్తా 1954-55లో దాని అణువు రూపం తేల్చారు. మూడు పోగులు ఒకదాన్నొకటి మెలేసుకుని ఉంటాయి. వాళ్ళు పరీక్షించిన నమూనా కంగారూ తోకలో కండని ఎముకకి కట్టే నరంలోది. ఊళ్ళోనే ఉన్న కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ నుంచి దొరికింది. మా బావకి తోక లేదు, కంగారు మాత్రం కావలసినంత ఉంది. పోగుకి ఒకటి చొప్పున మూడు పోగులకి మూడు విజిల్స్ సరిపోతాయని ఆయన లెక్క కాబోలు.

నిజానికి నార గురించి మా వైపు వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ముంచి, పైన బరువు పెట్టి, నార ఊడొచ్చే దాకా రోజుల తరబడి ఆ గట్టు మీద ముక్కు మూసుకుని నడుస్తాం. మూడో రోజే వెళ్ళి, నార రాలేదేమని చెరువు మీద పంచాయితీ పెట్టినవాణ్ణి నేనెరగను. గోగునారకి టైమిచ్చే జిల్లాలో పోతు నారకి ఎందుకివ్వరు? కొలాజెన్ 60 డిగ్రీలు దాటగానే కరగదు. ముడుచుకుంటుంది. ముడుచుకుని, తడిగుడ్డ పిండినట్టు కండలోని నీరంతా పిండేస్తుంది. సగం ఉడికిన ముక్క పచ్చి ముక్క కన్నా మొండిగా తయారయ్యేది అందుకే. 70 దాటాక, తడిలో, గంటల తరబడి కూర్చుంటే అప్పుడు పోగులు విడిపోయి జిలెటిన్ అవుతాయి. కాళ్ళ పులుసు తాగాక పెదాలు అతుక్కుంటాయే, అదే ఇది. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల నీళ్ళు దగ్గర దగ్గర 120 డిగ్రీలకి చేరతాయి కాబట్టి గంటల పని నిమిషాల్లోకి వస్తుంది. నిమిషాల్లోకి అన్నాను. విజిల్స్‌లోకి అనలేదు.

ఈ విజిల్ అనే కొలమానం ఎవరు పెట్టారో గానీ, మన ఇళ్ళల్లో దానికున్న గౌరవం గడియారానికి లేదు. కందిపప్పుకి మూడు, బియ్యానికి మూడు, బంగాళాదుంపకి మూడు, ఏడాదిన్నర కొండలెక్కి దిగిన పోతుకీ మూడే. పెద్ద మంట మీద, నీళ్ళు తక్కువ పోస్తే, ఆ మూడూ ఐదు నిమిషాల్లో వచ్చేస్తాయి. సన్న సెగ మీద అరగంటయినా రావు. విజిల్ అంటే లోపల ఆవిరి ఎక్కువైందని కుక్కర్ పెట్టే కేక, అంతే. ముక్కకి దాంతో సంబంధం లేదు. ఆమదాలవలసలో రైలు దిగాల్సినవాడు ముందొచ్చే పొందూరులో కూత వినబడిందని సంచి పట్టుకుని దిగిపోతాడా? కూరని మాత్రం రోజూ పొందూరులోనే దించేస్తున్నారు.

ఇక తొడ. కొట్టు దగ్గర వరసలో ఉన్న ప్రతి మనిషీ అడిగేది ఒకటే, "తొడలోంచి వెయ్యి." అసలు సంగతేమిటంటే, ఎక్కువ పని చేసిన కండలో కట్లు ఎక్కువ. పిక్క, మెడ, జబ్బ, తొడ, ఇవన్నీ పొద్దున లేస్తే నడిచేవి, ఎక్కేవి, మోసేవి. వెన్నెముకని ఆనుకుని నడుం పక్కన ఒక కండ ఉంటుంది. పుట్టిన దగ్గర్నుంచి అది పెద్దగా ఒళ్ళొంచి ఎరగదు, నోట్లో వేసుకుంటే వెన్న. ఆఫీసుల్లోంచి ఒక పోలిక తడుతోంది గానీ, మా బావ ఆఫీసులోనే చేసి రిటైరయ్యాడు, పండగపూట వద్దు. ఆయన తెచ్చిన సంచిలో పిక్కా ఉంది, నడుం కండా ఉంది. రెండిటినీ ఒకే కుక్కర్‌లో పడేసి ఒకే మూడు విజిల్స్ ఇచ్చారు. అదేమంటే సమానత్వం అంటాడు. నడుం కండ ముక్కలు మా బావ విస్తట్లోకి ఎలా చేరాయో, పిక్క ముక్కలు అల్లుడికి ఎలా వెళ్ళాయో ఆ సమానత్వమే చెప్పాలి.

వయసు విషయంలో మా బావ ఆరోపణలో కొంత పస ఉంది, ఒప్పుకోవాలి. ముదిరినకొద్దీ కొలాజెన్ పెరిగిపోతుందని కాదు, పోగుకీ పోగుకీ మధ్య అడ్డముడులు పడతాయి. లేతలో వేడి తగిలితే విడిపోయేవి, ముదిరాక విడిపోనంటాయి. బ్రాయిలర్ కోడి ఆరు వారాలకే కత్తి కిందికొస్తుంది, ముడులు పడే టైమెక్కడిది? పెరట్లో ఏడాది తిరిగిన నాటుకోడి సంగతి మీ దవడలకే తెలుసు. ఇంతకీ పోతు వయసుకి సర్టిఫికెట్ దాని నోట్లోనే ఉంటుంది. ఏడాది దాటాక ముందు రెండు పాలపళ్ళు ఊడి పెద్ద పళ్ళు వస్తాయి, నాలుగేళ్ళకి ఎనిమిదీ వచ్చేస్తాయి. ఈ పరిజ్ఞానంతోనే ఆ రోజు బావ వెంట వెళ్ళి, చెక్క మొద్దు ముందు నిలబడి తలకాయ చూపించమన్నాను.

"తలకాయేటి బాబూ, అదెప్పుడో ఇచ్చీసాను. ఐదు గంటలకే పట్టుకెళ్ళిపోనారు" అన్నాడతను, కత్తి ఆపకుండా.

అంటే మా పోతు పుట్టినతేదీ సర్టిఫికెట్ తెల్లారగట్లే ఎవరింట్లోనో తలకాయ పులుసు అయిపోయింది. తలకాయలు అమ్ముడుపోయాకే మాంసం అమ్మాలన్న నిబంధన ఎక్కడా లేదు, అయినా ప్రతి కొట్టులోనూ అది తప్పకుండా అమలవుతోంది.

తెల్లారగట్ల అంటే గుర్తొచ్చింది. కోసిన కొన్ని గంటలకి కండలు వాటంతటవే బిగదీసుకుపోతాయి. చల్లటి చోట ఒకటి రెండు రోజులు ఉంచితే మళ్ళీ సడలుతాయి. నాలుగింటికి కోసింది పదకొండున్నరకి పొయ్యెక్కిందంటే, సరిగ్గా బిగుసుకున్న వేళ చూసి మరీ ఎక్కించామన్నమాట. పంచాంగం చూసి ముహూర్తం పెట్టినా అంత కచ్చితంగా కుదరదు. ఫ్రిజ్‌లో పెట్టి రేపు వండుదామంటే "నిలవ మాంసం అల్లుడికి పెడతామా" అని అక్క అత్తగారు లేచారు.

పక్కింటాయన గోడ మీంచి పచ్చి బొప్పాయి పూయమన్నాడు. ఆ పాలలో మాంసకృత్తుల్ని తెగ్గొట్టే ఎంజైమ్ ఉన్న మాట నిజమే, అల్లంలోనూ అలాంటిదే ఉంది. కానీ అది పైపైనే పనిచేస్తుంది, లోపలి దాకా పోదు. మోతాదు మించితే పైన గుజ్జు, లోపల ట్యూబు. ఇక మెడ దగ్గర పసుపు పచ్చగా సాగే నరం ఒకటుంటుంది, అది కొలాజెన్ కూడా కాదు, ఎలాస్టిన్. దానికి మూడు కాదు, ముప్పై విజిల్స్ ఇచ్చినా కరగదు. మా బావ వాళ్ళకి దాయాదులతో ఉన్న గట్టు తగాదా లాంటిది, కత్తి పెట్టి తీసెయ్యడమే గానీ ఉడికించి సాధించలేం.

అరసవల్లిలో ఆదివారం సూర్యనారాయణమూర్తి దర్శనానికి గంటల కొద్దీ ఓపిగ్గా నిలబడే జనమే మేము. పొయ్యి ముందు ఇంకో అరగంట నిలబడమంటేనే కాళ్ళు పీకుతాయి.

ఆ సాయంత్రం అల్లుడు రైలెక్కాడు, మర్నాడు ఆఫీసు. మా అక్కకి మనసొప్పక, మిగిలిన కూరలో రెండు గ్లాసుల నీళ్ళు పోసి, మూత వేసి, సన్న సెగ మీద పెట్టి సీరియల్ చూస్తూ మర్చిపోయింది. ఆరోజు ఆ ఇంట్లో జరిగిన ఏకైక శాస్త్రీయమైన పని అదే. గంటన్నర తర్వాత దించి, చల్లారాక ఫ్రిజ్‌లో తోసింది. పొద్దున్న మూత తీస్తే పైన తెల్లగా కొవ్వు, కింద ఇగురు కదలకుండా జెల్లీలా నిలబడి ఉంది, గరిటె పెడితే వణికింది. చద్దన్నంలో ఒక ముక్క పెట్టుకుని వేలితో నొక్కాను. పొర కనపడలేదు, ముక్క విడిపోయింది. మొండి తాడు మొత్తం కరిగి ఇగురులో చేరిపోయింది.

మా బావ పొంగిపోయి, కొట్టువాణ్ణీ గాస్కెట్‌నీ ఒకేసారి క్షమించి, ఆ గిన్నెని నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసి అల్లుడికి వాట్సాప్‌లో పెట్టాడు. ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది.

"గడ్డకట్టేసినట్టుంది మావయ్యగారూ, పాడైపోయుంటుంది. పారబోసేయండి."