నాలుగు కాళ్ళ వాకర్ గారికి

మహారాజశ్రీ అల్యూమినియం వాకర్ గారికి, రిటైర్డు ఆర్టీసీ డ్రైవరు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. మీరు పెరట్లో దండెం పక్కన క్షేమంగానే ఉన్నారని వంటింటి కిటికీలోంచి కనబడుతూనే ఉంది.

మిమ్మల్ని కొన్న రోజు గుర్తుందా? నాకు పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బని చెబితే షాపు కుర్రాడు "అందరికీ ఇదేనండీ బాబాయ్ గారూ" అన్నాడు. మోకాలు మార్పించుకున్నవాళ్ళకీ, తుంటి విరిగినవాళ్ళకీ, నాకూ ఒకటే బండి! చేతులు కిందికి వదిలేస్తే పిడి మణికట్టు దగ్గరికి రావాలట. మీ పిడి దాదాపు మోచేతి దాకా వచ్చింది. నెల రోజులు భుజాలు చెవుల దాకా ఎగేసుకుని నడిచాను. ఆ బటన్లు నొక్కితే మీ కాళ్ళు పొట్టివవుతాయని ఫిజియో అమ్మాయి చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు.

ఎత్తు సరే. మీతో నడవాలంటే ముందు మిమ్మల్ని ఎత్తాలి, ముందు పెట్టాలి, ఒక కాలు వేయాలి, రెండోది వేయాలి, మళ్ళీ ఎత్తాలి. నా మెదడులో, ఒంటి కదలికల్ని సాఫీగా నడిపించే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోయాయి. వాటంతటవే పడాల్సిన అడుగులకే నేను హెడ్డాఫీసు నుంచి ఆర్డరు తెప్పించుకోవాలి. మీరేమో అడుగడుక్కీ నాలుగు ఆర్డర్లు అడిగారు. పైగా నా చేతి వణుకు మీకూ అంటుకుని, నాలుగు కాళ్ళూ టైల్స్ మీద టకటకలాడేవి. కొత్తగా కుట్టుమిషను కొన్నారా అని పక్కింటావిడ అడిగింది.

గుమ్మం దగ్గరికొస్తే నా కాళ్ళకి మేకులు కొట్టినట్టే. మీరు ఎంచక్కా గడప అవతల నిలబడి నాకోసం చూసేవారు. అదే వాకిట్లో కోడలు పెట్టిన ముగ్గు గీత కనబడితే టక్కున దాటేస్తాను. కంటి ముందు గీత ఉంటే మెదడు ఇంకో దారి పట్టుకుంటుందట. అందుకే హాల్లోంచి బాత్రూం దాకా అడుగున్నరకొకటి చొప్పున పసుపు టేపు ముక్కలు అంటించాం. వచ్చినవాళ్ళు వాస్తు దోషమనుకుని ఏమీ అడగరు.

తర్వాత మీ తమ్ముడొచ్చాడు, చక్రాలవాడు. ఎత్తే పని లేదు, నిజమే. కానీ నాకు ఒక్కోసారి అడుగులు చిన్నవై, వేగం పెరిగి, ఒళ్ళు ముందుకు తూలిపోతుంది. తిరుమల ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేయకూడదని ఎంతమంది కొత్తవాళ్ళకి చెప్పానో! చివరికి నేనే మా వరండాలో న్యూట్రల్లో వెళ్ళి తులసికోటని గుద్దాను. బ్రేకు లేక కాదు. నొక్కితే ఆగుతుంది. చెప్పినమాట చెయ్యి ఆలస్యంగా వినే మనిషి, పడిపోతూ పడిపోతూ, గుర్తుపెట్టుకుని నొక్కాలట!

నేను చివర్లో నడిపిన బస్సులు నయం. గాలి ప్రెషర్ పోతే స్ప్రింగు బ్రేకు దానంతటదే పట్టేసేది, వదలాలంటేనే గాలి కావాలి. అచ్చం అలాంటి వాకర్లూ ఉన్నాయి. లివర్ నొక్కితేనే కదులుతాయి, చెయ్యి వదిలితే ఆగిపోతాయి. కొన్నిటికి ముందు నేల మీద లేజర్ గీత కూడా పడుతుంది, కరెంటు ముగ్గన్నమాట. ఫిజియో దగ్గర ఒకటి పట్టుకుని చూశాను. మీకంటే బాగా బరువు, కారు డిక్కీలోకి ఎక్కించడం ఇద్దరి పని. ధర విన్నాక మావాడికి కూడా కాసేపు కాళ్ళు కదల్లేదు. అయినా ఆర్డరు పెట్టాడు.

అది వచ్చేదాకా టేపు ముక్కలూ, పైకి "లెఫ్ట్, రైట్" అనుకోవడమూ. అదైనా మాత్ర పనిచేసే వేళల్లోనే. మాత్ర ప్రభావం దిగిపోయిందా, బండి డిపోలోనే.

మీరేం బాధపడకండి. మా ఆవిడ రోజూ మీ మీద తువ్వాళ్ళు ఆరేస్తోంది. ఎంత గాలొచ్చినా కదలరని తెగ మెచ్చుకుంటోంది.

రాసేకొద్దీ అక్షరాలు చీమల్లా చిన్నవైపోతున్నాయి, ఇదీ ఈ జబ్బు వాటమే. ఉంటాను.

ఇట్లు,
(సంతకం కిందనే ఉంది, భూతద్దం పెట్టి వెతుక్కోగలరు)