అలబామా స్థలపురాణం

ఏటా వేసవిలో ఆరు నెలల గడువు మీద అమెరికా వెళ్ళే తెలుగు తల్లిదండ్రులు నయాగరా ముందు ప్లాస్టిక్ తొడుగు వేసుకుని ఒక ఫొటో, టైమ్స్ స్క్వేర్‌లో మెడ పట్టేసేలా పైకి చూస్తూ ఒక ఫొటో, పిట్స్‌బర్గ్ వెంకన్న గుడి దగ్గర పులిహోర పొట్లంతో ఒక ఫొటో దిగి, అమెరికా చూసేశామన్న తృప్తితో తిరిగి వస్తున్నారు. వారి తృప్తిని చెడగొట్టడం పాపమే అయినా, దక్షిణాదిన ఉన్న అలబామా నేల తొక్కనిదే ఆ యాత్ర ఫలించదని విన్నవించడం నా విధి. అక్కడి గల్ఫ్ షోర్స్ తీరంలో పంచదారలాంటి తెల్లని ఇసుక ఉన్న మాట నిజమే కానీ, ఇసుకనూ నీళ్ళనూ దేవుడు చాలాచోట్ల పోశాడు. ఒక ప్రాంతం ఎవరికి మొక్కుతుంది, ఎంత తొందరగా మొక్కుతుంది అన్నదే క్షేత్ర మాహాత్మ్యానికి కొలబద్ద. ఆ లెక్కన అలబామాకు సాటి లేదు.

మొదట దర్శించవలసినది ఎంటర్‌ప్రైజ్ అనే పట్టణం. నడిబజారులో ఫౌంటెన్ మధ్య గ్రీకు దేవతలాంటి స్త్రీమూర్తి రెండు చేతులూ తల మీదికెత్తి నిలబడి ఉంటుంది. ఆమె ఎత్తి పట్టుకున్నది కలశం కాదు, దీపం కాదు, పత్తికాయను తొలిచి తినే ముక్కుపురుగు. మెక్సికో నుంచి 1892 ప్రాంతంలో టెక్సస్‌లోకి దిగిన ఈ పురుగు, వీసా బాధ లేకుండా ఏటికేడూ తూర్పుకు జరుగుతూ, 1915 నాటికి ఈ పట్టణమున్న కాఫీ కౌంటీ (మన జిల్లాలాంటిది) చేరి అక్కడి పత్తిని ఊడ్చిపెట్టింది. గతిలేక రైతులు వేరుశనగకు మళ్ళారు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ పంటలో ఆ కౌంటీ దేశంలోనే ముందుకు వచ్చింది. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడని మనం అంటాం, వారికి నడిచొచ్చే పురుగు పుట్టింది. సమృద్ధిని మోసుకొచ్చినందుకు ఆ పురుగుకు ప్రగాఢ కృతజ్ఞత తెలుపుతూ 1919 డిసెంబరు 11న, అంటే పంట పోయిన నాలుగేళ్ళకే, ఫలకంతో సహా స్మారకాన్ని ఆవిష్కరించారు. అయితే మొదటి ముప్ఫై ఏళ్ళు ఆ చేతుల్లో పురుగే లేదు. 1949లో ఈ లోటు గమనించి పురుగును చేయించి పెట్టేవరకు అది మూలవిరాట్టు లేని గుడి. ఆ తరువాత దొంగలూ ఆకతాయిలూ పదేపదే దాని మీద పడటంతో, 1998లో జరిగిన ఒక దాడి అనంతరం అసలు విగ్రహాన్ని మ్యూజియంలో దాచి, వీధిలో నకలును నిలబెట్టారు. ఉత్సవ విగ్రహం అనే ఏర్పాటు ఆగమశాస్త్రం చదవకుండానే వారికి తట్టడం విశేషం.

గులాబీ రంగు పురుగును ఏళ్ళ తరబడి మేపుతున్న గుంటూరు, వరంగల్ రైతులు ఇది చూసి నొచ్చుకోవచ్చు. మన దగ్గర పురుగుకు విగ్రహం లేకపోవడానికి కారణం కృతజ్ఞత లేకపోవడం కాదు, కూడళ్ళలో ఖాళీ లేకపోవడం. పైగా మన పురుగు వచ్చినప్పుడు రైతుకు మందుల కొట్టులో బాకీ పెరుగుతుంది తప్ప, వేరే పంట వేసుకోమని పెట్టుబడి పెట్టే షావుకారు కనబడటం అరుదు. ఎంటర్‌ప్రైజ్‌లో అటువంటి వ్యాపారి ఒకరు ఉన్నారు. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. అదే రాష్ట్రంలో, టస్కిగీ విద్యాసంస్థలో, బానిసగా పుట్టి వ్యవసాయ శాస్త్రవేత్తగా ఎదిగిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్, పత్తి మీద పత్తి వేస్తే నేల చచ్చిపోతుందనీ, పంట మార్చుకోవాలనీ పురుగు రాకకు ఎంతో ముందు నుంచే చెబుతూ వచ్చాడు. నల్ల ప్రొఫెసర్ చెబితే చెవికెక్కని మాట పురుగు చెబితే ఎక్కింది. తన మాట నెగ్గించుకున్న పక్షానికే విగ్రహం దక్కడం న్యాయమే కదా.

అక్కడి నుంచి రాష్ట్రానికి వాయవ్య మూలకు వెళితే, టస్కంబియా దగ్గరి అడవిలో కుక్కల శ్మశానం ఉంది. కుక్కలన్నిటికీ కాదు, రాకూన్‌లనే చిన్న అడవి జంతువులను వేటాడే జాతి కుక్కలకు మాత్రమే. 1937 సెప్టెంబరు 4న ఒక వేటగాడు ట్రూప్ అనే తన కుక్కను అక్కడ పాతిపెట్టడంతో మొదలై, ఇప్పుడు వందల సమాధులయ్యాయి. ప్రవేశానికి నియమాలు కఠినమైనవి. అది అసలైన రాకూన్ వేటకుక్కే అని యజమాని ప్రకటించాలి, సాక్షి ఒకరు ఆ మాటను బలపరచాలి, వేటగాళ్ళ సంఘ సభ్యుడొకరు కళేబరాన్ని కళ్ళారా చూసి ఒప్పుకోవాలి. కుల ధ్రువీకరణ పత్రం కోసం మండల కార్యాలయం చుట్టూ తిరిగినవారికి ఈ పద్ధతి కొత్తగా ఉండదు. తేడా ఏమిటంటే ఇక్కడ పని ఒక్క రోజులో అవుతుంది.

హంట్స్‌విల్‌లోని రాకెట్ మ్యూజియానికి మన ఇంజనీర్లు తల్లిదండ్రులను ఎలాగూ తీసుకెళతారు, 363 అడుగుల శాటర్న్ రాకెట్ పక్కన నిలబెడతారు. దాన్ని రూపొందించిన బృందానికి నాయకుడైన వెర్నర్ ఫాన్ బ్రౌన్ అంతకుముందు హిట్లర్ పార్టీ సభ్యుడు. అతడు అప్పట్లో రూపొందించిన రాకెట్లను నిర్బంధ శిబిరాల ఖైదీలచేత చాకిరీ చేయించి తయారుచేశారు. యుద్ధం 1945లో ముగిసింది, 1950కల్లా అతడు హంట్స్‌విల్ వాసి, ఇప్పుడు ఊరి ప్రధాన సభాభవనం అతడి పేరు మీదే ఉంది. ఐదేళ్ళలో మరచిపోవడం క్షమాగుణానికి పరాకాష్ఠ. అయితే భక్తులు గమనించవలసిన సన్నిధి రాకెట్టు కాదు, మ్యూజియం ఆవరణలోని మిస్ బేకర్ సమాధి. 1959లో అంతరిక్షానికి వెళ్ళి ప్రాణాలతో తిరిగివచ్చిన ఈ చిన్న కోతి 1984లో కన్నుమూసింది. సందర్శకులు ఇప్పటికీ సమాధి మీద అరటిపండ్లు పెట్టి వెళతారు. ఆంజనేయస్వామికి నైవేద్యం పెట్టే అలవాటున్న మనవాళ్ళకు అమెరికాలో ఇంతకంటే సొంత ఊరిలాంటి చోటు దొరకదు.

హంట్స్‌విల్‌కు దగ్గరలోనే స్కాట్స్‌బరో. విమానాలు పోగొట్టిన పెట్టెలు చివరికి చేరే ఊరు ఇది. 1970లో ఒకాయన అప్పు తెచ్చిన 300 డాలర్లతో, అరువు ట్రక్కుతో ప్రారంభించిన కొట్టు ఇప్పుడు ఒక వీధి చతురస్రమంతా పరచుకుంది. దాదాపు మూడు నెలలు వెతికినా సొంతదారు దొరకని సామానును విమాన సంస్థలు ఈ కొట్టుకు అమ్మేస్తాయి. కొట్టువారు పెట్టె విప్పి, బట్టలు ఉతికి, ధర చీటీ తగిలిస్తారు. ఇంట్లో నాలుగుసార్లు తూచి, 23 కిలోలు దాటకుండా సర్ది, చీరల మడతల్లో ఆవకాయ డబ్బా పొదిగి పంపిన పెట్టె ఏదైనా మీకు చేరకపోయి ఉంటే, ఆ చీరను ఇక్కడ ఎవరో కర్టెనుగా కొనుక్కుపోయి ఉండవచ్చు. పోయిన సొమ్మును మూడు నెలలు వెతకడం సామాన్యమైన శ్రద్ధ కాదు.

ఇదే ఊళ్ళో ఒక పాత చర్చిలో చిన్న మ్యూజియం ఉంది. కొట్టుకు వచ్చే జనంలో సగం ఇటు వచ్చినా అందులో చోటు చాలదు. 1931 మార్చిలో గూడ్సు బండి ఎక్కి పని వెతుక్కుంటూ పోతున్న తొమ్మిది మంది నల్లజాతి కుర్రవాళ్ళను, పదమూడేళ్ళ పిల్లలతో సహా, ఇద్దరు తెల్ల యువతులు చేసిన అబద్ధపు అత్యాచార ఆరోపణ మీద పట్టుకుని స్కాట్స్‌బరో కోర్టులో నిలబెట్టారు. రెండు మూడు వారాలు తిరగకముందే, అందరూ తెల్లజాతివారే ఉన్న జ్యూరీలు ఎనిమిది మందికి మరణశిక్ష ఖాయం చేశాయి. ఇద్దరిలో ఒక యువతి తాను చెప్పింది అబద్ధమని 1933లో కోర్టులోనే ఒప్పుకుంది, సుప్రీంకోర్టు రెండుసార్లు తీర్పులు కొట్టివేసింది, అయినా కుర్రవాళ్ళు ఏళ్ళకు ఏళ్ళు జైళ్ళలో మగ్గారు. మిగిలిపోయిన చివరి ముగ్గురికి 2013 నవంబరులో రాష్ట్రం క్షమాభిక్ష ప్రకటించింది. చేయని నేరానికి వారిని పెద్దమనసుతో క్షమించేనాటికి 82 ఏళ్ళు గడిచాయి, తొమ్మిది మందిలో ఒక్కరూ బతికి లేరు.

సెల్మా వంతెన గురించి యాత్రికులకు ముందే తెలిసి ఉంటుంది. ఓటు హక్కు కోసం నడిచి వస్తున్న నల్లజాతివారిని 1965 మార్చి 7న రాష్ట్ర పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో చితకబాదింది అక్కడే. కమాను మీద పెద్ద అక్షరాల్లో ఇప్పటికీ కనిపించే ఎడ్మండ్ పెటస్ పేరు, బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన సైన్యంలోని ఒక జనరల్‌ది. దెబ్బలు తిన్నవారిని స్మరించడానికి వచ్చినవారు ఆ పేరు కిందుగానే నడవాలి. అక్కడి నుంచి మాంట్‌గోమరీకి వెళితే కొండ మీద పైకప్పుకు వేలాడే 800కు పైగా ఉక్కు దిమ్మెలు ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క కౌంటీ, వాటి మీద మూకలు చంపిన నల్లజాతివారి పేర్లు, 4,400కు పైగా. నడిచేకొద్దీ నేల దిగిపోతుంది, దిమ్మెలు తలకు పైగా వెళ్ళిపోతాయి, వేలాడుతున్నవి ఏమిటో అప్పుడు అర్థమవుతుంది. దీన్ని 2018లో కట్టించింది రాష్ట్రం కాదు, బ్రయాన్ స్టీవెన్సన్ అనే న్యాయవాది నడిపే సంస్థ. పురుగుకు నాలుగేళ్ళు పట్టిందని ఇంతకుముందు రాశాను, పాఠకులు ఆ అంకె గుర్తు పెట్టుకున్నారనుకుంటాను.

ఇక యాత్రకు మంచి రోజు ఏదన్న ప్రశ్న. పంచాంగం అవసరం లేదు, జనవరి మూడో సోమవారం బయలుదేరండి. మాంట్‌గోమరీలోనే పాస్టరుగా ఉండి బస్సుల బహిష్కారం నడిపిన మార్టిన్ లూథర్ కింగ్ జయంతికి ఆ రోజు రాష్ట్రమంతటా అధికారిక సెలవు. బానిస యజమానుల పక్షాన యుద్ధం చేసిన జనరల్ రాబర్ట్ లీ జయంతికి కూడా, అదే రోజు, అదే సెలవు. ప్రభుత్వ కార్యాలయాలన్నీ మూసి ఉంటాయి కనుక, ఇద్దరిలో ఎవరి కోసం మూశారని అడగడానికి లోపల ఎవరూ ఉండరు.