లాసిక్స్ మీద పడిన నింద

ఈమధ్య మా బంధువుల గ్రూపులో ఒకే మెసేజ్ మూడుసార్లు వచ్చింది. "హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్లకు లాసిక్స్ ఇంజక్షన్లు పొడిచి కిడ్నీలు పాడుచేస్తున్నారు. క్రియాటినిన్ పెరిగితే మందులన్నీ ఆపేయండి. రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు, కొబ్బరినీళ్లు తాగించండి, కిడ్నీలు శుభ్రపడతాయి" అని దాని సారాంశం. లాసిక్స్ అంటే ఒంట్లో పట్టిన నీటిని మూత్రంగా బయటికి పంపే మందు. క్రియాటినిన్ అంటే కిడ్నీలు వడకట్టి పారేయాల్సిన వ్యర్థం, రక్తంలో అది పెరిగిందంటే వడపోత తగ్గిందని లెక్క. పోయినేడు మా పెదనాన్న మంచం పక్కన తొమ్మిది రోజులు కూర్చున్నదాన్ని, ఊరుకోలేకపోయాను.

ముందు లాసిక్స్ సంగతి. ఇలా చేరినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి క్రియాటినిన్ పెరిగే మాట నిజమే. కానీ ఆ కిడ్నీలు అప్పటికే ఇబ్బందిలో ఉంటాయి. వీధి కాలవ పూడుకుంటే స్నానాల గదిలోకి నీళ్లు వెనక్కి తన్నవూ? గుండె సరిగా తోడలేనప్పుడు రక్తం సిరల్లో నిలిచిపోయి, కిడ్నీలో ఒత్తిడి పెరిగి, వడపోత మందగిస్తుంది. 2009లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ డాక్టర్లు 145 మందిని పరిశీలించారు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో గుండె తోడే రక్తం మిగతావాళ్లకంటే తక్కువేమీ లేదు, సిరల్లో ఒత్తిడే ఎక్కువ. ఆ ఒత్తిడి దించడానికే నీరు తీసే మందు.

పెదనాన్న చేరినరోజు బరువు 74 కిలోలు. కాలి మీద వేలితో నొక్కితే పడ్డ గుంట ఎంతకీ పూడేది కాదు. మూత్రం కొలిచి చీటీ మీద రాయడం నా పని. నాలుగోరోజు క్రియాటినిన్ 1.3 నుంచి 1.7కి ఎక్కేసరికి టెన్షన్ పడిపోయాను. డ్యూటీ డాక్టరమ్మ రిపోర్టు పక్కన పెట్టి ఆయన మెడ నరం చూసింది, కాళ్లు నొక్కింది. "వాపు దిగుతోందిగా, కంగారు పడకండి. వాపు అలాగే ఉండి ఈ అంకె పెరిగితే అప్పుడు భయం" అంది. ఇంటికొచ్చేనాటికి 67 కిలోలు, 1.4.

ఒక్క పెదనాన్న కథ చాలదంటారా? లాసిక్స్ మోతాదు ఎంత ఉండాలో రోగుల మీద పరీక్షించి చూసిన డోస్ ట్రయల్ 2011లో వచ్చింది, అందులో 308 మంది ఉన్నారు. ఇంట్లో వాడే మోతాదే ఇచ్చినవాళ్లలో 14 శాతం మందికి, రెండున్నర రెట్లు ఇచ్చినవాళ్లలో 23 శాతం మందికి మూడు రోజుల్లో క్రియాటినిన్ పెరిగింది. మెసేజ్ రాసినవాళ్లకు ఇంతవరకే కావాలి. 60 రోజులకు చూస్తే రెండు గుంపుల కిడ్నీల పనితీరులో తేడా లేదు. అతిగా నీరు తీస్తే కిడ్నీకి దెబ్బే, కాదనను. రోజూ బరువు చూసేదీ, రక్తం తీసేదీ అందుకే.

ఇక "మందులన్నీ ఆపేయండి". గుండె మీద భారం తగ్గించే ఎనలాప్రిల్ లాంటి మందులు మొదలుపెట్టినప్పుడు క్రియాటినిన్ కొంచెం పెరగడం మామూలే. 1987 నాటి కన్సెన్సస్ ట్రయల్‌లో, బాగా ముదిరిన హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో ఆ మందు లేనివాళ్లు ఆరు నెలల్లో నూటికి 44 మంది పోయారు, వాడినవాళ్లు 26 మంది. తగ్గించాలా, ఆపాలా అన్నది డాక్టరు తేల్చాలి, ఫోను కాదు.

నాలుగు లీటర్ల నీళ్లా! ఒంట్లో నీరు పట్టి ఆయాసపడుతున్న మనిషికి! కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ మందగించి, పైగా పొటాషియాన్ని ఒంట్లో నిలిపే ఎనలాప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటి మందులు వాడేవాళ్లకు అది పేరుకుంటే గుండె లయ తప్పుతుంది.

అన్నీ చెప్పిన ఆ మెసేజ్‌లో నొప్పి మాత్రల ఊసే లేదు. అవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, ఉప్పునీ నీటినీ ఒంట్లో నిలిపేస్తాయి. పెదనాన్న చేతిసంచి సర్దుతుంటే, మోకాళ్ల నొప్పులకని మందుల షాపులో అడిగి కొనుక్కున్న డైక్లోఫెనాక్ అట్ట బయటపడింది. పదింట్లో రెండే మిగిలాయి.